నడుమ దిగే విమానం

"స్టవ్ బంద్ చేసినవా?" అని అడిగింది.

"చేసిన అక్కా. నువ్వు ముందు ఎక్కు," అన్నాను.

ఆమెకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. నాంపల్లిలో మా సందులోకి కారు రాదు, ఆటో ఒక్కటే వస్తుంది. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, ఒక కాలు ఆటోలో, ఒక కాలు నేల మీద ఉండగా, వెనక్కి తిరిగి ఆ మాట అడిగింది. అప్పటికి పొయ్యి మీద పప్పు సగం ఉడికి ఉంది. కొడుకు ఒక పక్క, కోడలు ఒక పక్క పట్టుకుని కూర్చోబెట్టారు. నేను ఎక్కలేదు. ఎక్కడానికి చోటు లేదు. ఉన్నా ఎక్కేదాన్ని కాదు, ఇంట్లో బావగారికి అన్నం పెట్టే మనిషి ఒకరు ఉండాలి కదా. దవాఖానకు చేరేసరికే అయిపోయిందట. అబ్బాయి ఫోన్ చేసినప్పుడు నేను స్టవ్ మళ్ళీ వెలిగించి ఆ పప్పుకే పోపు వేస్తున్నాను.

ఆమె నా తోడికోడలు. మా ఆయన అన్నగారి భార్య. నాకంటే పెద్దది కాబట్టి నేను అక్క అన్నాను, ఆమె నన్ను చెల్లె అంది. ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో ఇద్దరం ముసలివాళ్ళమయ్యాం. నాకు పిల్లలు లేరు. ఆమె కొడుకే నన్ను చిన్నమ్మా అంటాడు. ఆ కొడుకు కూతురు కెజియా ఇప్పుడు నా మంచం మీద కూర్చుని, నేను చెప్తుంటే రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు మీద బోర్డు వచ్చు, అంతే. గొంతు కూడా ఏడ్చి ఏడ్చి గరగరలాడుతోంది. కెజియా ఒక్కో మాట రెండుసార్లు అడుగుతోంది.

ఆదివారం చర్చిలో అక్క జ్ఞాపకార్థ కూడిక ఉంది. దానికి అబ్బాయి ఒక పేజీ రాశాడు. పుట్టిన ఊరు, బాప్తిస్మం, పెళ్ళి, సంతానం, ప్రార్థనాపరురాలు, భర్తకు లోబడిన ఇల్లాలు. అంతా నిజమే. చదివించుకుని విన్నాను. విన్నాక కూడా నాకు ఆమె కనబడలేదు. మెదక్ వైపు నుంచి పట్నం వచ్చిన ఏ ముసలమ్మ పోయినా ఆ పేజీ చదవొచ్చు. పాస్టరు అయ్యగారు నన్ను కూడా రెండు మాటలు మాట్లాడమన్నారు. మైకు ముందు నిలబడటం నా వల్ల కాదు. అందుకని నేను చెప్పేది రాసుకుని కెజియా చదువుతుంది. పుట్టిందీ పెరిగిందీ మళ్ళీ చెప్పను. అది అబ్బాయి పేజీలో ఉంది.

అక్క ఎక్కడికీ తిన్నగా పోయేది కాదు. ముందు ఆ సంగతి చెప్పాలి.

అబిడ్స్‌లో పని పడిందంటే ఆమె ముఖం వెలిగేది. పని ఏముంటుంది, కుక్కర్‌కు రబ్బరు, మిక్సీ జారుకు బ్లేడు, ఎప్పుడో ఒక జాకెట్టు గుడ్డ. మా ఇంటి నుంచి అబిడ్స్‌కు నడిచే పోవచ్చు. పని అయిపోయాక ఇంటి దారి పట్టేది కాదు. పెద్ద పోస్టాఫీసు మెట్ల మీద ఒక మూలకు కూర్చునేది, సంచి ఒళ్ళో పెట్టుకుని. నేను వెంట ఉంటే నన్నూ కూర్చోబెట్టేది.

"ఎవరన్న చూస్తే ఏమనుకుంటరు అక్కా?" అన్నాను మొదట్లో.

"ఏమనుకుంటరు? పోస్టాఫీసు కాడ కూసున్నోళ్ళను ఎవ్వరేమడగరు. ఏదో పని ఉన్నదనుకుంటరు. హోటల్ల కూసుంటే ఛాయ్ తాగు, లేకుంటే లే అంటడు. ఈడ ఒక స్టాంపు గూడ కొననక్కర లేదు."

ఆదివారం ఆరాధన అయ్యాక ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల దగ్గర ఆగేది. ఆమెకు కూడా చదువు నా అంతే. ఒక పుస్తకం తీసేది, కొంగుతో అట్ట తుడిచేది, జాగ్రత్తగా అక్కడే పెట్టేది. ఇంకొకటి తీసేది. ఏం కావాలమ్మా అని అమ్మేవాడు అడిగితే, "చూస్తున్న నాయినా, తొందరేమున్నది," అనేది. పాపం, అతనికి ఆదివారం తొందరే. అయినా ఈమెను ఏమీ అనేవాడు కాదు. తుడిచిన పుస్తకాలు మిగతా వాటికంటే మెరిసేవి మరి.

మెదక్ దగ్గర ఆమె పుట్టింటికి పోయేటప్పుడు తిన్నగా పోయే బస్సు కళ్ళ ముందే ఉండేది. అది వదిలేసి నర్సాపూర్ బస్సు ఎక్కించేది. నర్సాపూర్‌లో దిగి, బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చుంటే ఇక లేచేది కాదు. మెదక్ బస్సు వచ్చేది.

"ఎక్కుదామా అక్కా?"

"దాన్ల జాగ లేదు."

"ఖాళీగనే ఉన్నది గదా."

"నీకు కండ్లు సరిగ్గ కనవడ్తలేవు. కూసో."

ఆ బస్సు పోయేది. ఆమె కాళ్ళు చాపుకునేది. ఒకసారి నేను విసిగిపోయి గట్టిగా అడిగాను, ఈ నడుమ దిగే రోగం ఏమిటని. అప్పుడు చెప్పింది.

"చెల్లె, ఆడ మన ఇంట్ల పొయ్యి ఉన్నది. గాడికి పోంగనే మా వదిన, వచ్చినవా, జర ఉల్లిగడ్డ కొయ్యి అంటది. అంటే గాడ గూడ పొయ్యే. ఈ నడుమనే లేదు. గింత సేపు కూసోనీయే."

ఆ తరువాత నేను మళ్ళీ అడగలేదు. ఖాళీ బస్సు వస్తే నేనే ముందు, "జాగ లేదక్కా," అనేదాన్ని.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. ఒక పని పూర్తయిందంటే రెండు చేతులూ కొంగుకు తుడుచుకుని, అరచేతులు వెల్లకిలా తిప్పి ఒకసారి చూసుకునేది. చేతులు తడిగా ఉండాలని లేదు. పొడి చేతులే తుడుచుకునేది. వంట అయ్యాక, ప్రార్థన అయ్యాక, ఒకసారి బావగారితో పోట్లాట అయ్యాక కూడా చూశాను. ఇక ఈ పని అయిపోయింది అని లోపల అనుకుంటుందన్నమాట. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మా ఆయన పోయినప్పుడు ఇల్లంతా చుట్టాలు. నేను నోరు తెరిస్తే చాలు ఒకరు నీళ్ళు ఇచ్చేవారు, ఒకరు దేవుని చిత్తం అనేవారు, ఒకరు పాట ఎత్తుకునేవారు. ఏడుపు గొంతులోనే ఉండిపోయింది. సమాధి చేసి వచ్చిన మర్నాడు పొద్దున అక్క చెంబు పట్టుకుని, "మేం పాలు తెస్తం," అని అందరికీ చెప్పి, నా చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. పాల దుకాణం దాటిపోయాం. నాంపల్లి స్టేషన్‌కు తీసుకుపోయింది. ప్లాట్‌ఫాం టికెట్లు తీసుకుంది. చివరంటా నడిపించి, ఎవరూ లేని బెంచీ మీద కూర్చోబెట్టింది.

"ఇగ ఏడువు," అంది.

"ఈడనా?"

"ఈడనే. ఇంట్ల ఏడిస్తే అందరు ఊకో ఊకో అనవడ్తిరి. ఈడ ఏడిస్తే బండి తప్పిందనుకుంటరు."

ఏడ్చాను. అట్లా మళ్ళీ ఎప్పుడూ ఏడవలేదు, ఆమె పోయినప్పుడు కూడా. ఆమె ఓదార్చలేదు, వీపు నిమరలేదు. పక్కన కూర్చుని ఖాళీ చెంబు ఒళ్ళో పెట్టుకుని పట్టాల వైపు చూస్తూ ఉంది. కూలీ ఒకాయన మోతబరువుతో పోతూ ఆగాడు.

"ఏమైందమ్మా?"

"బండి పోయింది అన్నా," అంది అక్క.

"ఏ బండి?"

"ఏదైతేంది, పోయింది గదా."

ఆయన మోత సర్దుకున్నాడు. "రేపు మళ్ళ ఉంటదమ్మా," అని చెప్పి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపులో నవ్వు వచ్చింది. అక్క అప్పుడు చేతులు కొంగుకు తుడుచుకుని, అరచేతులు చూసుకుని, "లే, పాలు తీస్కపోదాం. బియ్యం కడగాలె," అంది.

ఇక లండన్ సంగతి.

అబ్బాయి మంచివాడు. ఆ మాట ముందు చెప్పాలి, లేకపోతే వినేవాళ్ళు తప్పు అనుకుంటారు. ఎండాకాలం సెలవులకు అందరినీ లండన్ తీసుకుపోతానన్నాడు. ముసలివాళ్ళను ఇంట్లో వదిలి తాము తిరిగి వచ్చేవాళ్ళు ఎందరో ఉన్నారు. వాడు అట్లా అనుకోలేదు. రాత్రి అన్నాల దగ్గర చెప్పాడు.

"అమ్మా, హోటల్ గాదు, ఇల్లే కిరాయికి తీసుకుంటున్న. మంచి కిచెన్ ఉన్నది. నాయినకు బయటి తిండి పడదు గదా. నువ్వు, చిన్నమ్మ ఉంటరు, ఇగ ఫికర్ లేదు."

ప్రేమగానే చెప్పాడు. అక్క నా వైపు చూసింది. నేను గిన్నెలోని చారు కలిపాను.

టికెట్లకు అబిడ్స్ పోయాం. అబ్బాయి ఫోన్‌లోనే తీసుకోగలడు, కానీ బావగారికి ఎదురుగా ఒక మనిషి కూర్చుని చెప్తేనే నమ్మకం. చెప్పుల దుకాణం పైన మెట్లెక్కితే ట్రావెల్స్ ఆఫీసు. అందరం వరసగా కూర్చున్నాం. గోడ మీద మంచు కొండల బొమ్మ ఉంది.

"డైరెక్ట్ తియ్యండి. పెద్దోళ్ళున్నరు," అన్నాడు అబ్బాయి.

"నడుమ దిగేది లేదా?" అంది అక్క.

టికెట్ల ఆయన నవ్వాడు. "ఉన్నది గని, పెద్దోళ్ళకు ఎందుకమ్మా? దోహాల దిగాలె, మళ్ళ చెకింగ్, ఇంకో విమానం దాక ఆరేడు గంటలు కూసోవాలె."

అక్క కుర్చీలో ముందుకు జరిగింది. "ఆరేడు గంటలా? ఊకెనే కూసోవాలెనా?"

"ఔ అమ్మా, ఊకెనే కూసోవాలె. అదే తిప్పలు."

"చేసే పనేముండదా?"

"ఏముంటదమ్మా, కుర్చీల కూసోవాలె, అంతే."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అక్క మాత్రం నవ్వలేదు. "గదే తియ్యి," అంది.

అక్కడ మొదలైంది లొల్లి. అబ్బాయి, పైసలు మిగులుతాయని గిట్ల అంటున్నవా అన్నాడు. అక్క, నా కాళ్ళు వాస్తయి అంది. నడుమ దిగి నడవాలని డాక్టరు చెప్పిండు అంది. ఏ డాక్టరు అంటే, ఏదో డాక్టరు అంది. మొన్న బీపీ మాత్రలు రాసినాయనా అని కోడలు అడిగితే, ఆయన కాదు, ఇంకో ఆయన అంది. ఒక్క అబద్ధం కూడా సరిగ్గా చెప్పడం రాదు ఆమెకు. అసలు మాట చెప్పొచ్చు కదా అని మీరు అనుకుంటారు. ఎట్లా చెప్తుంది? నాకు మీ అందరి నుంచి కాసేపు సెలవు కావాలని, పైసలు పెట్టి తీసుకుపోతున్న కొడుకు ముఖం మీద ఏ తల్లి అంటుంది?

"ఈమెకు సుకం తెల్వది," అన్నారు బావగారు టికెట్ల ఆయనతో.

అక్క లేచి నిలబడింది. "అయితే నేను రాను. మీరు పోన్రి."

ఆమె నోట ఆ మాట నేను అంతకు ముందు వినలేదు. బావగారు కళ్ళజోడు తీశారు. "నువ్వు రాకుంటే ఆడ వంట ఎవరు చేస్తరు?" అన్నారు.

దోహా మీదుగా పోయే టికెట్లు తీశారు.

ప్రయాణానికి ముందు రోజంతా బావగారి కోసం జొన్నరొట్టెలు కొట్టాం. మామిడికాయ తొక్కు సీసాలో పెట్టి మూతకు గుడ్డ కట్టాం. రొట్టెలు చేతి సంచిలో పెట్టు అత్తమ్మా, తొక్కులో నూనె ఉంటుంది కాబట్టి చేతిలో తీసుకుపోనివ్వరు, అది పెద్ద పెట్టెలో వెయ్యి అని కోడలు పదే పదే చెప్పింది. సరే బిడ్డా అంది అక్క. సర్దింది ఆమె.

శంషాబాద్‌లో చెకింగ్ దగ్గర ఆమె చేతి సంచి ఆపారు. తొక్కు సీసా బయటికి తీశారు. సంచిలో రొట్టెలు లేవు. అవి పెద్ద పెట్టెలో విమానం కడుపులోకి పోయాయి, ఇక లండన్‌లోనే దిగుతాయి.

"చెప్పిన గదా అత్తమ్మా!" అంది కోడలు.

"తారుమారైంది బిడ్డా," అంది అక్క తలవంచుకుని.

"పోనీయ్, అమ్మ పెద్దదైంది," అన్నాడు అబ్బాయి. బావగారు మాత్రం సీసా పోయిన వైపు చూస్తూ నిలబడ్డారు.

నేను అక్క చేతుల వైపు చూశాను. కొంగుకు తుడుచుకుంటోంది. పొడి చేతులు. తుడుచుకుని, అరచేతులు వెల్లకిలా తిప్పి, ఒకసారి చూసుకుంది.

అప్పుడు అర్థమైంది నాకు. ఏమీ తారుమారు కాలేదు.

విమానంలో ఇచ్చిన తిండి డబ్బా బావగారు మూత తీసి చూసి మళ్ళీ మూసేశారు. దోహాలో మధ్యాహ్నానికి దిగాం. ఆ విమానాల అడ్డా ఎంత పెద్దదో చెప్పలేను. నేల అద్దంలా ఉంది, చల్లగా ఉంది. అక్క అద్దాల గోడ పక్కన రెండు కుర్చీలు చూసింది. ఒకదాంట్లో నన్ను కూర్చోబెట్టింది. చెప్పులు విడిచి, కాళ్ళు పైకి మడుచుకుని, కొంగు భుజం చుట్టూ కప్పుకుని కూర్చుంది. నర్సాపూర్ బస్టాండులో కూర్చున్నట్టే కూర్చుంది.

కాసేపటికి బావగారు వచ్చారు. "ఏమే, తినేదేమన్న ఉన్నదా?"

అక్క రెండు చేతులూ చాపి చూపించింది. "ఏమున్నది? అన్నీ గుంజుకున్నరు గదా."

బావగారు ఆ చేతుల వైపు చూశారు. అవి ఖాళీగా ఉండటం ఆయన ఎన్నడూ చూసినట్టు లేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. తరువాత చూస్తే దూరంగా వస్తున్నారు, కాగితం కప్పులు రెండు చేతుల్లో పట్టుకుని, మోకాళ్ళ నొప్పులతో ఒక్కో అడుగూ వేస్తూ, కారిన టీ వేళ్ళ మీద పడుతుంటే ఉఫ్ఫు ఉఫ్ఫు అనుకుంటూ. కొడుకు వెనకాల వస్తున్నాడు, కప్పులు వాడికి ఇవ్వలేదు.

"తాగు," అన్నారు అక్కతో. "నీకు గూడ అమ్మా," అన్నారు నాతో.

అక్క ఒక గుటక తాగింది. ఆయన నిలబడి ఉన్నారు, ఎట్లా ఉందో చెప్తుందని. ఇంట్లో ఆమె నిలబడేది అట్లాగే.

"చక్కెర లేదు," అంది.

ఆయన చక్కెర కోసం మళ్ళీ బయలుదేరారు. అక్క ఆయన వెళ్ళడం చివరి దాకా చూసింది. "మోకాళ్ళు మంచిగనే ఉన్నయి చెల్లె," అంది. ఇద్దరం కప్పులు ఒలకబోసుకునేంతగా నవ్వాం.

"తొక్కు సీస కావాల్ననే పెట్టినవు గదా?" అన్నాను.

"రొట్టెలు నా చేతిల ఉంటే ఈడ గూడ పంచుడే గదనే," అంది. "రొట్టె ఇయ్యి, తొక్కు ఇయ్యి, నీళ్ళియ్యి, చెయ్యి తుడువు. ఇగ గది ఇల్లయితది గని నడుమెట్లయితది?"

తరువాత చాలాసేపు ఊరికే ఉన్నాం. అద్దం అవతల విమానాలు బర్రెల్లాగా మెల్లగా కదులుతున్నాయి. అక్క అంది, "ఏమన్న చెప్పు చెల్లె. పని మాట గాకుండ."

నేను వెతికాను. ఇన్నేళ్ళు ఒక పొయ్యి ముందు నిలబడి మాట్లాడుకున్నాం, పాలు విరిగినవి, గ్యాస్ అయిపోయింది, ఉప్పు ఎక్కువైంది. పని మాట కాని మాట ఒక్కటి కూడా దొరకలేదు నాకు. ఆమెకూ దొరకలేదు. కొంచెం భయం వేసింది. చివరికి ఆమే అడిగింది.

"నీకు ఏ రంగు ఇష్టం?"

"జామపండు లోపలి రంగు," అన్నాను. ఎట్లా వచ్చిందో నోట్లోంచి వచ్చింది.

"అయ్యో! ఏటేట క్రిస్మస్‌కు నీకు ఆకుపచ్చ తెస్తి గదనే!"

"నీకు ఆకుపచ్చ ఇష్టమనుకున్న."

"నాకా? నీకిష్టమనుకోని తెచ్చిన. నాకు దాన్ని చూస్తే గోంగూర యాదికొస్తది."

పక్క కుర్చీల వాళ్ళు తిరిగి చూసేదాకా నవ్వింది. తరువాత అట్లాగే తల వెనక్కి వాల్చి నిద్రపోయింది, నోరు తెరుచుకుని. ఇంట్లో ఆమె నిద్రపోవడం నేను సరిగ్గా చూడలేదు. నేను పడుకునేటప్పటికి ఆమె మెలకువగానే ఉండేది, నేను లేచేటప్పటికి లేచే ఉండేది. నేను ఆమెను లేపకుండా చల్లారిన టీ తాగుతూ కూర్చున్నాను. బావగారు చక్కెర పొట్లాలు తెచ్చి, ఆమె నిద్రపోతుండటం చూసి, లేపకుండా నా చేతిలో పెట్టి వెళ్ళారు.

లండన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. కిచెన్ బాగుంది. కిటికీలోంచి ఎర్ర బస్సులు కనిపించేవి. వాళ్ళంతా తిరిగి వచ్చి ఫోన్‌లో ఫోటోలు చూపించేవారు. కొన్నిసార్లు మమ్మల్నీ తీసుకుపోయారు, అబద్ధం చెప్పకూడదు. అయితే మధ్యలోనే బావగారికి ఆకలి వేళ అయ్యేది. అక్కడి స్టవ్‌కు మంట లేదు, నల్ల అద్దం పలక. వెలుగుతోందో ఆరిందో మాకు తెలిసేది కాదు. తలుపు దాకా పోయి వెనక్కి తిరిగి, బంద్ చేసినవా చెల్లె, అని అడిగేది. నేను పోయి అరచెయ్యి దూరంగా పెట్టి, వేడి చూసి వచ్చి, చేసిన అక్కా అనేదాన్ని. ఆ అలవాటు ఇంటికి వచ్చాక కూడా ఆమెను వదల్లేదు. మా పొయ్యికి నీలం మంట కళ్ళకు కనబడుతున్నా అడిగేది. ఆటో దగ్గర అడిగింది కూడా అదే.

వచ్చేటప్పుడు దోహాలో వేళ సరిపోక అందరం పరుగెత్తాం. ఎక్కి కూర్చున్నాక ఆయాసపడుతూ, "గిదేం నడుమ," అంది. ఆ కోపంతో రోజంతా అలిగినట్టే ఉంది.

ఆ ఏడు క్రిస్మస్‌కు నాకు జామపండు లోపలి రంగు చీర తెచ్చింది. ఆదివారం కూడికకు అదే కట్టుకుంటాను. తెల్లది కట్టుకోమని నాకు ఎవరూ చెప్పొద్దు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెప్తున్నానంటే, పోయిన వారం అన్నాల దగ్గర అబ్బాయి మళ్ళీ సెలవుల సంగతి ఎత్తాడు. ఇంట్లో అందరం దిగులుగా ఉన్నామని, ఈసారి జర్మనీ పోదామని.

"డైరెక్ట్ తీస్తున్న చిన్నమ్మా. ఎక్కితే దిగుడే. అమ్మ లేకపాయె, ఇగ నడుమ దిగే లొల్లి లేదు," అన్నాడు. అని, పళ్ళెంలోకి తల వంచుకున్నాడు. వాడి బాధ నాకు తెలియదా. ఒక ముద్ద తిని, "ఇల్లు గూడ చూసిన. కిచెన్ ఇంక పెద్దగున్నది," అన్నాడు.

నేను ఏదో అనబోయాను. బావగారు, "అమ్మా, జర ఛాయ్ పెడ్తవా?" అన్నారు. లేచి వెళ్ళి పెట్టాను.

టీ మరుగుతుంటే అక్కడే నిలబడి ఆలోచించాను. ఆ పెద్ద కిచెన్‌లో ఇప్పుడు నేనొక్కదాన్నే. అక్క ఉన్నప్పుడు పనిలో సగం చేతులు ఆమెవి. ఇప్పుడు రొట్టెలు నేనే కొట్టాలి, నేనే సర్దాలి, బంద్ చేశానా అని నన్ను నేనే అడుక్కోవాలి. నాకు అలసటగా ఉంది. ఆ మాట ఇంట్లో అనడం మాకు అలవాటు లేదు. అక్క కూడా నోటితో అనలేదు. పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని అంది, ఖాళీ బస్సు వదిలేసి అంది, తొక్కు సీసాతో అంది. ఎవరికీ వినబడలేదు. నాకు ఆమె తెలివితేటలు లేవు. అందుకని అయ్యగారి ముందు, సంఘమంతటి ముందు, మామూలు మాటల్లో అంటున్నాను.

నాయనా, నువ్వు ముందు వరసలో కూర్చుని ఉంటావు, విను. డైరెక్ట్ విమానమైతే నేను రాను. నడుమ దిగేదైతే వస్తాను. పరుగెత్తేది కాదు, మీ అమ్మకు దొరికినంత సేపు దొరకాలి. అక్కడ నా చేతి సంచిలో రొట్టెలూ ఉండవు, తొక్కూ ఉండదు. రెండు కుర్చీలు చూసుకుని ఒకదాంట్లో కూర్చుంటాను. ఇంకోదాంట్లో సంచి పెడతాను, అక్కడ ఎవరూ కూర్చోవద్దు. బావగారూ, మీ మోకాళ్ళు బాగానే ఉన్నాయి. అక్క అప్పుడే చూసింది. నా టీలో చక్కెర తక్కువ వెయ్యండి.

కెజియా పెన్ను ఆపేసింది. "చిన్న నానమ్మా, గిది నిజంగ చదవాల్నా? నాన్న ఏమంటడో," అంటోంది. చర్చిలో ఏమంటాడు తల్లీ, ఏమీ అనడు. ఇంటికి వచ్చాక అంటాడేమో, అననీ. రాయి. అది కూడా రాయి.

చాలు. నా గొంతు ఇంక రాదు. ఏదీ, మొదటి నుంచి ఒకసారి నాకు చదివి వినిపించు. పొయ్యి మీద ఏమీ లేదు, బంద్ చేసే వచ్చాను. ఒక్క గుక్కలో చదవకు. నడుమ ఒకచోట ఆగు.